కంది గింజల పటం

పందొమ్మిదివందల అరవై నాలుగులో తాండూరు పక్క రాతి గనుల కూలీలే కరెంటు స్తంభాలకు గుంతలు తవ్వారు. తీగలు మాత్రం వాళ్ల గుడిసెల మీదుగా పోయి గని యజమాని మహేందర్ రెడ్డి రాళ్లు కోసే మిల్లుకూ, బావి మోటరుకూ, బంగళాకూ చేరాయి. కూలీల వాడలో ఒక్క భీమమ్మ ఇంట్లో బల్బు వెలిగింది. సమ్మె రోజున పనికి పోయినందుకు దొర ఇచ్చిన బహుమానం అది!

ఎదురింటి బీరమ్మకు కడుపు మండిపోయింది. దానింట్లో వెలుతురు, తనింట్లో కిరసనాయిలు పొగా? భీమమ్మ నవ్వినా ఓర్వలేకపోయింది.

వాడకు దీపాలివ్వాలో వద్దో తేల్చడానికి కరెంటు ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. ఎవరు ఎంత కరెంటు వాడుతున్నారో, చదువురానివాళ్లకు కూడా తెలిసేలా పటం వెయ్యాలనుకుంది కూలీల సంఘం. బీరమ్మ ముందుకురికింది. షాబాదు బండ మీద సున్నంతో వాడనూ, మిల్లునూ, బావినీ, బంగళానూ గీసింది. కరెంటున్న చోటల్లా ఒక కంది గింజ అంటించింది. భీమమ్మ ఇంటి గింజను మరీ గట్టిగా వత్తింది.

"ముందు దీన్నే నిలదియ్యాలె!" అని జనం భీమమ్మ మీదికి లేచారు. బీరమ్మ కడుపు చల్లబడింది.

రాతిపెళ్ల తగిలి చూపు పోయిన ముసలి బీరప్ప బండను తడిమాడు.

"మిల్లుకు ఒక్క గింజ, భీమమ్మకు ఒక్క గింజ. గిదేం లెక్కనే బిడ్డా?"

"రెండు తావుల కరెంటున్నది గద తాతా!"

మిల్లులో పనిచేసే మొగులప్ప అందుకున్నాడు. "కోత మిషను తిరిగితే నూరు బల్బులంత కరెంటు తాగుతది."

"అయితే గన్ని గింజలు పెట్టు. నా వేళ్లకు తెల్వాలె" అన్నాడు బీరప్ప.

మూతి ముడుచుకునే పెట్టింది బీరమ్మ. మిల్లు దగ్గర కుప్ప లేచింది. బావి దగ్గర మరో కుప్ప. భీమమ్మ గింజ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. ఇన్నాళ్లూ ఈ ఒక్క గింజకా తను కుళ్లి చచ్చింది! అసూయ పోలేదు, దొర వైపు తిరిగింది.

భీమమ్మ ఇంట్లోకి పోయి బల్బు ఊడబీకి తెచ్చింది. "నాకొద్దు గీ బిచ్చం. నన్ను గూడ సంఘంల కలుపుకోండ్రి."

ఆఫీసరు వచ్చేసరికి వాడంతా బండతో సహా మిల్లు గేటుకు అడ్డం కూర్చుంది.

"కరెంటు చాలదు" అన్నాడతను.

బీరప్ప అతని చెయ్యి పట్టి మిల్లు కుప్ప మీద పెట్టాడు. "గిక్కడ సాలుతున్నది గద సారూ!"

జవాబుగా పోలీసులు వచ్చారు. భీమమ్మను ముందుగా వ్యానులోకి ఈడ్చారు. "భీమమ్మ జిందాబాద్!" అని జనం అరిచారు. బీరమ్మకు మళ్లీ ఒళ్లు మండింది.

"గామె ఒక్కతేనా? జరుగు భీమవ్వా, నేనెక్కుత!"

ఆమె వెనక మొగులప్ప, అతని భుజం పట్టుకుని బీరప్ప, ఆ వెనక వాడంతా వ్యాను మీదికి ఎగబడ్డారు. ఎక్కినవాళ్లను దించలేక, ఎక్కనివాళ్లను ఆపలేక పోలీసులకు చెమటలు పట్టాయి. చోటు దొరకనివాళ్లు గేటుకు అడ్డంగా అక్కడే పడుకున్నారు. మిల్లు ఆ రోజు తిరగలేదు.