ఆరని పలక

"ఎలాగూ చేపల గంపెత్తుకుని ఊళ్ళు తిరుగుతావుగా, పడవ బాగుచేసే మంచి యార్డేదో నువ్వే చూసిరా" అన్నాడు అమ్మిరాజు పెళ్ళాం నాగదుర్గతో, మంచం మీంచి లేవకుండానే.

తొంభయ్యారు తుపానుకి రాళ్ళగట్టుకేసి కొట్టుకున్న పడవ అది, మామగారి కాలంనాటిది. వేట మొదలయ్యేలోపు బాగుపడకపోతే దాన్ని కట్టెల కింద అమ్మేసి, కోడల్ని భీమవరం రొయ్యల షెడ్డుకి పంపాలని అత్త తలుపులమ్మ అప్పుడే తీర్మానించేసింది. మంచుగడ్డల్లో రొయ్యలు ఒలిచి ఒలిచి, వేళ్ళు తిమ్మిరెక్కి అన్నం కలుపుకోలేకపోతున్న అక్కని చూసినప్పటినుంచీ నాగదుర్గకి ఆ షెడ్డంటే భయం. అందుకే ఒకచోట కాలు నిలవకుండా తిరిగింది. మొదటి యార్డువాడు "మగాణ్ణి పంపమ్మా" అన్నాడు. మగాడు మంచం మీదున్నాడని చెప్పలేక గంప నెత్తికెత్తుకుంది. రెండోవాడు పడవ చూడకుండానే "తారు కొట్టేద్దాంలే" అన్నాడు. పాయ ఒడ్డున యార్డు పెట్టుకున్న చిట్టియ్య మాత్రం, "నీళ్ళు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయమ్మా?" అని అడిగాడు. పెళ్ళయ్యాక ఒక మనిషి ఆమెని ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగడం అదే మొదలు. ఆమెకి తెలుసు. పడవ అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకేది తనే. ఎండకి అన్ని పలకలూ ఆరినా వెనకవైపు ఒకటి తడిగానే ఉంటుంది. ఆ మాట ఎప్పుడో చెబితే, "నీకేం తెలుసు, నోరుమూసుకుని గీకు" అన్నాడు అమ్మిరాజు.

చిట్టియ్యకి ఆ పలక సంగతి చెప్పింది. పడవని అతని యార్డుకే చేర్చారు. "లోపల్నుంచి చూడాలి, ఎక్కి చూపించమ్మా" అన్నాడతను.

అమ్మిరాజు అడ్డొచ్చాడు. "ఆడది కాలుపెడితే గంగమ్మకి కోపమొత్తాదండి. బయటనుంచే చూపిత్తాదిలెండి."

పడవ ముక్కుకి పసుపూ కుంకం పెట్టేది ఆడవాళ్ళే, ఎక్కకూడనిదీ వాళ్ళే. నాగదుర్గకి ఒళ్ళు మండిపోయింది. అడుగున పడుకుని గీకుతుంటే గుల్లలు కోసుకుని మోచేతులు నెత్తురోడినప్పుడు రాని కోపం గంగమ్మకి ఇప్పుడెందుకొస్తుంది? ఇన్నాళ్ళూ ఎక్కినవి మగకాళ్ళే కదా, మరి పలకెందుకు ఆరడం లేదు? కుచ్చిళ్ళు ఎగదోపుకుని పడవెక్కేసింది. వెనక పలక మీద బొటనవేలితో నొక్కింది. వేలు మెత్తగా లోపలికి దిగింది.

"ఆడది తొక్కిన పడవ మీద నేను ఏటకెళ్ళను" అన్నాడు అమ్మిరాజు.

నాగదుర్గ చిట్టియ్యవైపు తిరిగింది.

"మీరు పలక మార్చండి బాబాయ్. కూలికి ఏటకెళ్ళే మనిషిని నేను చూసుకుంటాను."