పతకానికి మాత్రమే పిలుపు

మధ్యాహ్నం భోజనాల వేళ కాకముందే నవత చీరల కట్ట పక్కకు నెట్టి లేచింది. పొద్దుటి నుంచి చీరల అంచులకు వేలాడే దారాలు కత్తిరించి కత్తిరించి మెడ పట్టేసింది, వేళ్లు వాచాయి. సగం పూట కూలి కోస్తానని సేటు అననే అన్నాడు. అయినా పోక తప్పదు. మగ్గాల పనికి ఉధ్నాకు వలసొచ్చిన తెలుగువాళ్ల సంఘం కట్టుకున్న కొత్త హాలుకు ఆ రోజే ప్రారంభం. పతకం మరిచిపోవద్దని సంఘం పెద్ద నర్సింగం మళ్లీ మళ్లీ ఫోన్ చేశాడు.

ఆ పతకం ఆమె భర్త సురేశ్‌ది. ఆ పక్కనే బమ్రోలి సందుల్లో మగ్గాల చప్పుడు మధ్య పెరిగి, ఆ మగ్గం నాకొద్దని సైన్యంలో చేరాడు. సరిహద్దు కొండల్లో కాల్పులకు చచ్చిపోయాడు. చచ్చిపోయాక ఊరందరికీ చుట్టమయ్యాడు. బతికుండగా సెలవుకొస్తే కుర్చీ వెయ్యనివాళ్లు ఇప్పుడు మావాడు, మావాడంటూ ఫ్లెక్సీలు కట్టిస్తున్నారు.

హాలు గుమ్మంలోనే నర్సింగం ఎదురొచ్చాడు. కళ్లు ఆమె చేతిలోని పతకం డబ్బా మీదే పెట్టి, సంగతి మెల్లగా బయటపెట్టాడు. దీపం వెలిగించే శుభకార్యమాయె, పదిమంది పది రకాలుగా అనుకుంటారు, అత్త గంగవ్వ వేదికెక్కుతుంది, నవత వెనక వరసలో కూర్చుంటే బాగుంటుందన్నాడు. గంగవ్వ మొగుడు బిక్షపతి ఇంకా మగ్గం నడుపుతూనే ఉన్నాడు కనుక ఆమె ముత్తైదువ. దేశం కోసం చచ్చినవాడి పెళ్లాం మాత్రం అపశకునం. ఇదెక్కడి న్యాయమో ఆ దేవుడికే తెలియాలి.

పతకం ఇచ్చిన రోజు అంతమంది జనం ముందు సైన్యాధికారి నవతకే సెల్యూట్ చేసి, ఆమె చేతుల్లోనే పెట్టాడు. అక్కడ అడ్డురాని బోసి నుదురు సొంతవాళ్ల దగ్గర అడ్డొచ్చింది. ఆమె గుమ్మం పక్కనే నిలబడ్డ అత్త వైపు చూసింది. గంగవ్వ కొత్త చీర కొంగు సర్దుకుంటూ తల దించుకుంది.

"జర ఓర్సుకో బిడ్డా. గీ పరాయి దేశంల సంఘపోళ్లతోని పడకుంటె ఎట్ల బతుకుతం?"

ఆ మాటా అబద్ధం కాదు. అద్దెకు గది కావాలన్నా, ఒక మగ్గం పోతే ఇంకో మగ్గం మీద పని దొరకాలన్నా సంఘమే దిక్కు. అందుకే నవత ఇన్నాళ్లూ పెళ్లిళ్లలో, పేరంటాల్లో గోడవారగా ఒదిగి నిలబడింది.

నర్సింగం చెయ్యి చాపాడు. "డబ్బ ఇటియ్యి బిడ్డా. దీపం పక్కన పెడ్తం. ముఖ్య అతిథి దండేస్తడు."

నవత డబ్బా తెరిచింది. కొంగు కుడివైపుకు లాగి కప్పుకుని, అమరుల ఇంటివాళ్లు పెట్టుకునే పద్ధతిలో కుడి రొమ్ము మీద పతకం గుచ్చుకుంది. ఖాళీ డబ్బా అతని చేతిలో పెట్టింది.

"ఎన్క కూసోమన్నవ్ గద కాకా. కూసుంట. ఇది గూడ నాతోనే కూసుంటది."

పోయి చిట్టచివరి వరసలో కూర్చుంది. తల దించలేదు.

వీరుడి పతకానికి పూలమాల వేస్తారని మైకులో చెప్పారు. ముఖ్య అతిథి దండ పట్టుకుని లేచాడు. దీపం పక్కన పట్టుగుడ్డ పరిచిన పీట ఖాళీగా ఉంది. ముందు ఒకరు, తర్వాత ఇంకొకరు, హాలంతా వెనక్కి తిరిగి చూసింది. దండ పట్టుకున్న అతిథి నర్సింగం మొహం చూశాడు. నర్సింగం గంగవ్వ మొహం చూశాడు. వేదిక మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టిన గంగవ్వ రెండో కాలు పైకి ఎత్తలేదు.