కుండ మూసే పండుగ

పులుపు వాసన.
పొద్దుటి ఎండ గచ్చు మీదికి రాకముందే వంటింటి మూల నుంచి లేచే వాసన...

ఈ కొంకణ తీరంలో మాకు గానుగలుండేవి. శనివారం గానుగ ఆగేది. ఎందుకని ఊరు అడిగేది. ఏమో, మా పెద్దలు ఆపారు అనేవాళ్ళు మావాళ్ళు. శనివారపు తెలికలవాళ్ళు — అదే మా పేరయింది.

ఎప్పుడో పడవ పగిలి ఈ ఒడ్డున పడ్డామట. గ్రంథం మునిగిపోయిందట.

గ్రంథం మునిగింది. వంటిల్లు తేలింది.

ఏటేటా ఈ పున్నమికి, తరాలుగా అడుగు ఖాళీ కాకుండా పులుస్తున్న పులుపు కుండకు గుడ్డ కట్టి ఎనిమిది రోజులు ముట్టుకునేవారు కాదు. అత్త కట్టింది. కోడలు కట్టింది. ఎందుకో ఎవరికీ తెలియదు. కుండ మూసే పండుగ అన్నారు.

ఎన్ని తరాలకో, చదువుకున్న యూదు పెద్ద ఒకాయన గ్రంథం పట్టుకుని వచ్చి చెప్పాడు — అమ్మా, ఇది మన యూదుల పస్కా. పులిసినది తినకూడని పండుగ.

వేలిముద్రల ఆడవాళ్ళు... ఒక్క ఏడూ తప్పలేదు.

ఈ పండుగ దాటగానే మేమూ ఇజ్రాయెల్ వెళ్ళిపోతున్నాం, ఇంటిల్లిపాదీ. ఈ ఇంట్లో ఇదే చివరి కట్టు.

"కట్టేస్తే చాలదు ఆయీ. పారబొయ్యమని ఉంది గ్రంథంలో," అంది మా కోడలు సిప్పోరా.

"నేనూ చదివాలేవే. కూడబలుక్కునైనా చదివా."

"మరి? మీ అత్తగారు పైనుంచి చూస్తుందని భయమా?"

"ఆవిడకంత తీరికెక్కడిది! అక్కడా ఎవరి వంటకో వంకలు పెడుతుంటుంది."

సిప్పోరా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పారబోస్తే — ఇన్ని చేతులు నిలిపినది నా చేతిలో ఆగిపోతుంది.
ఉంచితే — తెలియకే తప్పనివాళ్ళ ఇంట, తెలిసి తప్పినదాన్నవుతాను.

కుండెత్తాను. కొబ్బరి చెట్టు మొదట్లో వంచేశాను. బూడిదతో తోమాను. ఎండలో బోర్లించాను.

సాయంత్రం. బల్ల మీద చేదాకు, పులియని రొట్టె, ఖర్జూరపు పాకం. సముద్రం మీద చంద్రుడు.

ఖాళీ కుండ తెచ్చి మూతి మీద గుడ్డ పరిచాను.

"ఖాళీ కుండకు కట్టేంటి, ఆయీ?"

"ఎందుకో తెలియకుండా వాళ్ళు అన్నేళ్ళు కట్టారే. తెలిసిన నేను ఈ ఒక్కసారి కట్టొద్దా?"

సిప్పోరా వంగి, ముడి మీద వేలు పెట్టింది.

దారం బిగించాను. గట్టిగా — వాళ్ళంతా బిగించినంత గట్టిగా.

వేలు తీసింది.

కడిగిన మట్టే. ఎండిన మట్టే.
అయినా గుడ్డలోంచి సన్నగా... పులుపు వాసన.