బానెట్ అంచు

"మా ఆవిడ కూడా ఊరికే ఓ చేయి వేస్తుంటుంది లెండి." బండి ఇవ్వడానికి వచ్చిన ప్రతి మనిషితోనూ మా ఆయన అనే మాట ఇది. ఆయన అలా అంటున్నప్పుడు నేను ఏదో ఒక కారు పక్కన గొంతుక్కూర్చుని, పాత పళ్ళ బ్రష్షుతో తలుపు మడతల్లో పేరుకున్న మట్టి తీస్తుంటాను. వచ్చినవాళ్ళు నావైపు చూసి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. తొమ్మిదేళ్ళుగా నవ్వుతున్నాను.

మా షెడ్డుకి కొత్త బండ్లు రావు. ఎండకి పైకప్పు సున్నం పూసినట్టు తెల్లబారినవి, గోడలకి రాసుకున్నవి, పిట్టల రెట్టలు రంగులోకంటా తినేసినవి, ఇక దీన్నేం బాగుచేస్తారులే అని సొంతదారులే ఆశ వదులుకున్నవి వస్తాయి. ముందు కడగాలి. తర్వాత అరచేత్తో బండి ఒళ్ళంతా తడమాలి, కంటికి ఆనని గరుకు చేతికి తెలుస్తుంది. గీత మీద గోరు పెట్టి లాగాలి. గోరు జారిపోతే అది పోయే గీత, తట్టుకుంటే పోని గీత. ఆపైన గరుకు తీసే వాటర్ పేపరు, మెరుగుపెట్టే కాంపౌండు, దాన్ని రుద్దే మెషీను, చివర మైనం. ఇవేవీ నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయనకి నడుం పట్టేసి నెల్లాళ్ళు మంచాన పడితే, వచ్చిన బండ్లని వెనక్కి పంపడం ఇష్టంలేక మొదలుపెట్టాను. నడుం బాగైంది. ఆయన మాత్రం మెషీను దగ్గరికి కాకుండా కుర్చీలోకి వెళ్ళారు. అందులో కూర్చుని టీ తెప్పించి, వచ్చినవాళ్ళకి రంగు పొరల గురించి గంటలకొద్దీ చెబుతారు. ఆ చెప్పేదంతా ముందురోజు అన్నం తింటున్నప్పుడు నా నోట విన్నదే. సాయంత్రం ఇల్లు చేరగానే అత్తయ్య, "పాపం వాడు పొద్దస్తమానం అక్కడ అరిగిపోతున్నాడు, ముందు వాడికి మంచినీళ్ళివ్వు" అంటుంది. మెషీను పట్టిన చేతులు గంట దాకా వణుకుతూనే ఉంటాయి. గ్లాసులో నీళ్ళు తొణుకుతాయి. "నీళ్ళు తేవడం కూడా కుదురుగా రాదు" అంటుంది.

కిందటి నెల డ్రైవింగు నేర్పే టీచరమ్మ తన కారు తీసుకొచ్చింది. పద్నాలుగేళ్ళు నేర్చుకునేవాళ్ళ చేతుల్లో నలిగిన కారు. ఒక్కో గీతా చూపించి, ఇది బ్యాంకు మేనేజరుది, ఇది ఇద్దరు పిల్లల తల్లిది అని నవ్వుతూ చెప్పింది. అమ్మే ఉద్దేశం లేదనీ, కాస్త చూడబుద్ధేసేలా చేస్తే చాలనీ మా ఆయనతో అంది. ఆయన డాక్టరులా తలూపారు.

నాలుగు రోజులు పట్టింది. రెండోరోజుకి పైకప్పు మీద తెలుపు వదిలి లోపలి నీలం బయటికొచ్చింది. అది చూసి కాసేపు నా పని నేనే మర్చిపోయాను. బానెట్ ముందంచు దగ్గర మాత్రం రంగు ఉల్లిపొరంతే మిగిలింది. ఇదివరకెవరో అక్కడ బాగా అరగదీశారు. దానిమీద టేపు అంటించి, ఇక్కడ మెషీను పెట్టకూడదని, చేత్తోనే చేయాలని ఆయనకీ చెప్పాను. నాలుగోరోజు నేను వెనక కుళాయి దగ్గర గుడ్డలు పిండుతుండగా స్పేర్ పార్టుల కొట్టాయన వచ్చి కూర్చున్నాడు. అతనికి తన పనితనం చూపించాలని మా ఆయనకి ఉత్సాహం పుట్టింది. మెషీను మోత వినగానే గుడ్డలు వదిలేసి పరిగెత్తాను. అప్పటికే టేపు నేలమీద ఉంది. అంచున అరచేయంత మేర రంగు లేచిపోయి అడుగున పూసిన బూడిదరంగు ప్రైమరు కనబడుతోంది. షెడ్డంతా కాలిన వాసన. కొట్టాయన ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయాడు. మా ఆయన మెషీను నా చేతిలో పెట్టి, ఏదో ఒకటి చెయ్యమన్నారు. ఏం చేస్తాను? మాసిన రంగుని మెరిపించగలను గానీ లేని రంగుని ఎక్కణ్ణుంచి తెస్తాను?

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. కారు చుట్టూ తిరిగింది, పైకప్పు మీద అరచేయి వేసి కాసేపు అలాగే ఉంచింది. బానెట్ దగ్గరికొచ్చి ఆగింది.

"మా ఆవిడ చేయి జారిందండీ," అన్నారు మా ఆయన. "ఆడవాళ్ళకి మెషీనిస్తే ఇంతే మరి. మిగతాదంతా నేనే చేశాను."

టీచరమ్మ నావైపు చూసింది. నవ్వాల్సిన వేళ అది. మొహం నవ్వడానికి సిద్ధపడింది కూడా. కానీ నోట్లోంచి మాటే వచ్చింది.

"ఆ మచ్చ ఆయన చేశారండీ. మిగతా బండి నేను చేశాను."

నా గొంతు కూరగాయల బేరం ఆడుతున్నంత మామూలుగా ఉంది. ఆ ముక్కకి రంగు వేయించి ఇస్తామని, అదెలా చేస్తారో, ఎన్నాళ్ళు పడుతుందో కూడా చెప్పాను. టీచరమ్మ ఇలాంటి కార్లు తన దగ్గర ఇంకా మూడున్నాయని చెప్పి, ఫోన్ నంబరు కాగితం మీద రాసి నా చేతికిచ్చింది.

ఇల్లు చేరగానే ఆయన అత్తయ్య దగ్గర కూర్చుని జరిగింది చెప్పుకున్నారు. "మొగుణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేశావటగా" అందావిడ. మామయ్య ఎన్నన్నా తను ఏనాడూ నోరెత్తలేదని మొదలుపెట్టి, చాలాసేపు నోరెత్తి చెప్పింది. నేను బియ్యం కడుగుతున్నాను. ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. చిన్నపిల్లకి నచ్చజెబుతున్నట్టు గొంతు తగ్గించారు.

"చేసేది నువ్వేనని నాకు తెలియదా? ఇన్నేళ్ళుగా చూడటంలేదా? నిజమే అనుకో. నిజమైనంత మాత్రాన బయటివాళ్ళ ముందు చెప్పేస్తారా?"

నా చేయి నీళ్ళలోనే ఆగిపోయింది. పని చేయని మనిషికి పని కనబడదులే, పాపం తెలియదులే అని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఆ ఒక్క మాట మీదే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను. తెలియని మనిషికైతే ఓపిగ్గా చూపించవచ్చు, ఏదో ఒకనాటికి తెలుసుకుంటారని ఎదురుచూడవచ్చు. ఈ మనిషికి తెలుసు. మొదట్నుంచీ తెలుసు. తెలిసే కుర్చీలో కూర్చున్నారు.

"వింటున్నావా?" అన్నారు.

"విన్నానండీ," అన్నాను.

మర్నాడు పొద్దున ఆయన షెడ్డు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి, త్వరగా రమ్మని రెండుసార్లు పిలిచారు. నేను టీచరమ్మతో ఫోన్లో ఉన్నాను. ఆ మూడు కార్లూ ఎక్కడ నిలిపి ఉన్నాయో, అక్కడ కుళాయీ కరెంటూ ఉన్నాయో లేదో అడుగుతున్నాను.