గీతకన్నా పలుచన

ముందుపలక గీతకన్నా పలుచగా చేసినానప్పా జోసెఫూ, అన్నాడు ఉలిగప్ప మామ పొద్దున ఫోన్లో, వంకాయలు తరిగినంత తాపీగా అన్నాడు, హిందూపురంలో బస్సెక్కినప్పటి నుంచి అదే మాట తలలో తిరుగుతోంది, పెనుకొండ వచ్చింది, కొండ మీది కోటగోడ కిటికీలో కనబడి పోయింది, ఎప్పుడు వచ్చినా మెడ తిప్పి చూసేవాణ్ణి ఈ రోజు చూడలేదు, గీతకన్నా పలుచగా ఎలా చేస్తాడు, ఆ గీతలు నేను గీసినవా, నూట యాభై ఏళ్ల కిందట స్పెయిన్‌లో టోరెస్ అనే మహానుభావుడు చేసిన గిటారును కొలిచి ఎవరో గీసిన పటం, ఏడాది వెతికి తెప్పించాను, బైబిలు వాక్యం చదివి ఇచ్చినట్టు మామ చేతిలో పెట్టి వెంట్రుకవాసి దాటొద్దన్నాను, ముందుపలకకు స్ప్రూస్ అనే చలిదేశపు చెక్క దొరికింది ఒక్కటే, చెడిందంటే ఇక గిటారు లేదు, పిల్లలకు గిటారు నేర్పుకుంటూ ఇరవై ఏళ్లు కన్న కల ఒక్క చిత్రికతో పోయినట్టే.

తప్పు నాదే, మగ్గాలు చేసే వడ్రంగిని గిటారు చేయమన్నది నేనే, కానీ ఆయన మగ్గం చూసినవాడెవడైనా అదే అడుగుతాడు, ఒక్క మేకు ఉండదు, అతుకు ఎక్కడుందో గోరుకు కూడా తెలియదు, ఏం చెయ్యి అది, మొదటి గిటారూ అంత అందంగానే చేశాడు, మీటితే మూగది, ముందుపలక తలుపుచెక్కంత మందం, ఇదేంది మామా అంటే, మగ్గానికి కదిలే కొయ్య పెడితే నేత చెడుతాది కదప్పా, నలభై ఏండ్లు కదలకుండా చేసిన చెయ్యి ఇది అన్నాడు, ఏడవలేక నవ్వాను, ఆ తర్వాతే పటం వెంట పడ్డాను.

ధర్మవరంలో దిగి వాళ్లింట్లో అడుగుపెట్టేసరికి నారాయణమ్మత్త మగ్గం టకటకలాడుతోంది, మామ గిటారు తెచ్చి ముందుపలక మీద వేలితో తట్టాడు, నీ కాగితంలో లెక్కకాడ ఆపితే నోరు కట్టేసినట్టుండె, ఇంగా రోంత తీస్తే పలికె, ఆయప్ప కొయ్య వేరే, ఈ కొయ్య వేరే, అన్నాడు, నాకు ఒళ్లు మండింది, చెప్పింది చెప్పినట్టు చేయొచ్చు కదా మామా అనేశాను, పెద్దాయన ముఖం చిన్నబోయింది, వాయించి చూడు అని కూడా అనలేదు, మగ్గం గుంతలో కూర్చున్న అత్తే, కోపం యాడికీ పోదు గానీ ముందు వాయించబ్బా, దీనికోసం ఆర్నెల్లు తిండి సరిగా తినలే ఈ మనిషి, అంది.

లావు తీగ మీటాను, గిటారు నా కడుపుకు ఆనుకుని వణికింది, రెండోసారి ఇంకా మెల్లగా మీటాను, అంత మెల్లనిదీ గది నిండింది, సన్నతీగ తేటగా, తొందరలేకుండా, అయిపోయిందనుకున్న చోట ఇంకా కొంచెం మిగిలి, ఇంత మంచి గిటారు నా ఒళ్లోకి ఎప్పుడూ రాలేదు, మగ్గం ఆగిపోయింది, అత్త చేయి పట్టు మీద అలాగే ఉంది, నాకు సంతోషం, అంతకు రెట్టింపు సిగ్గు, మామ మాత్రం నన్ను చూడడం లేదు, తల వంచి చెక్కనే వింటున్నాడు, ఆ స్పెయిన్ పెద్దాయన ఎదుట మాత్రం ఏ పటం ఉంది, ఆయనా ఇలాగే తట్టి, విని, చాలనిపించిన చోట ఆపి ఉంటాడు, ఆ ఆపిన చోటును తర్వాతివాళ్లు కొలిచారు, అంతే, కొలతలు పుట్టే చేతికి నేను కొలతలు నేర్పబోయాను.