ట్యాంకు లోపటి జానెడు పైపు

సోమవారం వేములవాడల మనీషా పుట్టెంట్రుకలు తీయాలె. ఎట్ల పోవాలన్నదే రేణుకకు తేలలేదు. పదకొండు నెలల బిడ్డ, పైనుంచి ఎండకాలం. మామ మొండయ్య మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనియ్యవు. ఆయన రావాలంటే కొట్టంల ఉన్న అంబాసిడర్లనే పోవాలె. ఆ అంబాసిడరేమో ఎత్తు వచ్చిందంటే ఆగిపోతున్నది.

ఒకప్పుడు మొండయ్య ఆ కారునే కోరుట్ల నుంచి వేములవాడకు కిరాయికి నడిపిండు. పెట్రోల్ ఇంజన్ పాడైనంక పదేండ్లు అది కొట్టంలనే పడి ఉన్నది. కొడుకు, రేణుక మొగడు భూమేశ్ దుబాయి గ్యారేజీల ఆరేండ్లు పనిచేసి వచ్చి, జగిత్యాల పాత సామాన్ల దుకాణంల డీజిల్ ఇంజన్ కొని దానికి ఎక్కించిండు. చప్పుడు మంచిగనే ఉన్నది. సాపు రోడ్డు మీద ఉరుకుతది. కథలాపూర్ దాటి ఎత్తు ఎక్కెటప్పుడు మాత్రం దమ్ము లేనట్టు గునిసి ఆగుతది. పది నిమిషాలు ఊకుంటే మళ్ల స్టార్ట్ అయితది.

భూమేశ్ ఫిల్టర్ మార్చిండు. పంపు విప్పి చూసిండు. డీజిల్ ఇంజన్ కాల్చుకునేదాని కంటే ఎక్కువ గుంజుతదట, మిగిలింది వెనక్కి ట్యాంకుకే పంపుతదట. అందుకే పెట్రోల్ నాటి ఆరు ఎంఎం పైపు పీకి ఎనిమిది ఎంఎం పైపు పరిచిన, వెనక్కొచ్చే దారి సుత పెట్టిన, ఇంకేం కావాలె దీనికి అని తల గోక్కున్నడు.

శనివారం తండ్రీకొడుకులు మళ్ల నడిపి చూసిన్రు. తన కండ్లతోని చూస్తేగాని నమ్మనని బిడ్డను ఎత్తుకుని రేణుక సుత ఎక్కింది. అదే ఎత్తు కాడ, అదే తీరుగ ఆగింది. ఇగ బస్సే అని ఆమె చెప్పేసింది. మీరు పోయి రాండ్రి, నేను ఇంటికాడ ఉంట అన్నడు మొండయ్య, అద్దంల నుంచి బయటికి చూసుకుంట.

ఉక్కకు బిడ్డ ఏడ్పు మొదలు పెట్టింది. రేణుక పాలసీసా నోట్లె పెట్టింది. నాలుగు గుటకలు గుంజి, ఆయాసపడి, సీసా వదిలేసి మనీషా మళ్ల ఏడ్చింది. పెద్ద సీసా, పోయిన వారమే కొన్నది. పీక మాత్రం పుట్టినప్పటి చిన్న బొక్కదే. బిడ్డకు అలవాటైందని రేణుక దాన్నే తొడిగింది. గుంజి గుంజి ఆ పీక లోపటికి అతుక్కుపోయింది.

ఆమె పెద్ద సీసాను, చిన్న పీకను చూసి మొగని దిక్కు తిరిగింది.

"ఇగో, పైపు మొత్తం మార్చినవా?"

"ట్యాంకు మూతి కాడికెళ్లి ఇంజన్ దాంక."

"ట్యాంకు లోపటిది?"

భూమేశ్ తండ్రి దిక్కు చూసిండు. ట్యాంకులకు దిగే జానెడు పైపు పాతదే. భూమేశ్ పుట్టిన ఏడు తండ్రి తన చేతులతోని టంకం పెట్టి అతికిచ్చింది. పీకితే ఆయన మనసు నొచ్చుకుంటదని దాని జోలికి పోలేదు. బయట ఎనిమిది, లోపట ఆరు.

"నా చేతి పని అని ఉంచినవా?" అన్నడు మొండయ్య. "నాకు చెప్తే నేనే పీకేటోన్ని గద, పిచ్చోడా. దీని కోసం నన్ను మనుమరాలి మొక్కుకు రాకుంట చేస్తుంటివి."

ఆదివారం తండ్రీకొడుకులు కలిసి ట్యాంకు దించిన్రు, డీజిల్ డబ్బాలకు వంచి కొత్త పైపు అతికిచ్చిన్రు. పాత ముక్కను మొండయ్య తుడిచి అంగి జేబుల వేసుకున్నడు. రేణుక పెద్ద బొక్క పీక తెప్పించింది. అయినా బస్సు టైం సుత అడిగి ఉంచుకున్నది.

సోమవారం పొద్దున అందరు కార్లనే ఎక్కిన్రు. సిరిసిల్ల నుంచి రేణుక తమ్ముడు హరీశ్ సీదా గుడికి వస్తనన్నడు, మేనమామ ఒళ్లె కూసోపెట్టే గద బిడ్డ ఎంట్రుకలు తీసేది. కథలాపూర్ దాటిన్రు. ఎత్తు మొదలైంది. రేణుక బిడ్డను ఎదకు అదుముకుని ఇంజన్ చప్పుడే వింటున్నది. చప్పుడు బరువైంది, కాని తెగలేదు. సగం ఎక్కిన్రు. అంతల ఎన్కకెల్లి బస్సు హారన్ మోగింది. ఆమె పోదామనుకున్న బస్సే. మెట్ల మీద సుత జనం నిలబడ్డరు.

"దారియ్యిరా," అన్నడు మొండయ్య కొడుకుతోని. "మనకేం తొందర."

బస్సు దాటిపోయింది. అంబాసిడర్ తన తీరుగ తాను పైకెక్కింది. మనీషా సీసా ఖాళీ చేసి, రేణుక ఒళ్లెకెల్లి లేచి, ముందు సీట్ల తాత చెవి గట్టిగ పట్టుకున్నది. రేణుక విడిపియ్యలేదు.