అమ్మ వంట ఫోన్‌లో దొరికిన ఏడాది

ఆ ఏడాది మార్చిలో, మంచు ఇంకా కరగకముందే మా అమ్మ లెనోర్ న్యుమోనియాతో పోయింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు, చెల్లెలు నెటీకి ఆరు. నార్త్ డకోటాలో మా పొలం చుట్టూ కోసేసిన గోధుమ చేలు తప్ప కంటికి ఇంకేమీ ఆనదు.

ఖననం రోజున మా విన్నీ పెద్దమ్మ, అమ్మకి స్వయానా అక్క, అందరి ముందూ నాన్నని అనేసింది: "చాకిరీతో నా చెల్లెల్ని చంపేశావు, ఓర్విల్." నాన్న టోపీ పెట్టుకుని బండి దగ్గరికి నడిచి వెళ్ళిపోయాడు. అప్పట్నించీ మా ఇంట్లో ఆవిడ పేరు ఎవరూ ఎత్తలేదు. ఆవిడ మాకు రాసిన ఉత్తరాల్ని మాత్రం నాన్న విప్పకుండా నా కంచం పక్కన పెట్టేవాడు.

నవంబరు వచ్చింది, దానితో కృతజ్ఞతలు చెప్పుకునే పండగా వచ్చింది. థాంక్స్‌గివింగ్‌కి తమ ఇంటికి రమ్మని చర్చివాళ్ళు పిలిచారు. నాన్న ఒప్పుకోలేదు. "మన పండగ మన బల్ల మీదే చేసుకుందాం," అన్నాడు. పట్నం వెళ్ళి పద్నాలుగు పౌన్ల టర్కీ కోడిని తెచ్చాడు. పండగ పొద్దున దాన్ని కడిగి బల్ల మీద పెట్టి, "దీని కడుపులో కూరేది మీరు కలపండి, ఆవుల పని చూసొస్తాను," అని కొట్టంలోకి వెళ్ళాడు.

అమ్మ ఉన్నప్పుడు ఆ పొద్దుటికి వంటింటి కిటికీలన్నీ ఆవిరి పట్టేసి ఉండేవి. వాటి మీద నెటీ వేలితో కోళ్ళ బొమ్మలు గీసేది. వెన్నలో ఉల్లిపాయలు వేగుతున్న వాసన మేడ మీద మా పక్కల దాకా వచ్చి లేపేది. మాకు గుర్తున్నది ఆ వాసనే. దాన్ని ఎలా తెప్పించాలో ఎవరికీ తెలియదు. అమ్మ ఎక్కడా రాసి పెట్టలేదు.

నేను రొట్టె తుంచాను, ఉల్లిపాయలు వేయించాను, సేజ్ ఆకు నలిపి వేశాను. నెటీ గిన్నె మీదికి వంగి మూతి ముడిచింది.

"ఇది అమ్మది కాదు."

"అన్నీ వేశానే."

"కాదు. ఇంకోటుంది. నల్లగా, తియ్యగా ఉంటుంది. నేను తినను."

కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంకేం తోచక, ఫార్గోలో ఉన్న పెద్దమ్మకి కలపమని ఆపరేటర్‌ని అడిగాను.

మా ఫోను ఉమ్మడి లైను. ఒకే తీగ మీద ఆరు ఇళ్ళు. ఒకరు మాట్లాడుతుంటే మిగతా ఎవరైనా రిసీవర్ ఎత్తి వినొచ్చు. అందరికంటే శ్రద్ధగా వినేది పక్క పొలంలో ఉండే హల్డా మామ్మ. భర్త పోయి ఒంటరిగా ఉండేది. ఆవిడ రిసీవర్ ఎత్తగానే వాళ్ళ గోడ గడియారం టిక్కుటిక్కు మాకూ వినపడేది.

"కోరీ! ఏమైందే? అందరూ బాగానే ఉన్నారా?" పెద్దమ్మ గొంతులో కంగారు.

"బాగానే ఉన్నాం పెద్దమ్మా. అమ్మ టర్కీలో ఏం కూరేది?"

"నాకు తెలీదే తల్లీ," అంది పెద్దమ్మ. "వండేది ఎప్పుడూ మీ అమ్మే. నేను పీట మీద కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని. ఏం వేస్తోందో చూస్తే ఒట్టు."

ఆవిడ ఏడుస్తోందని నాకర్థమైంది. గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఎండు ఆపిల్ ముక్కలు," అంది హల్డా మామ్మ. "పొద్దున మిగిలిన కాఫీలో నానేసి కలపాలి."

"మీరెవరండీ?" అంది పెద్దమ్మ.

"పక్కింటిదాన్ని. నాలుగేళ్ళ కిందట పాస్టరుగారి భార్యకి లెనోర్ ఇదే లైన్లో చెప్పింది. నేనేదో పొరపాటున ఎత్తాను."

"మొత్తం విన్నారా?"

"పెద్ద పొరపాటులెండి. రాసుకో పిల్లా. రొట్టె ముందురోజుదై ఉండాలి. ఆపిల్ గుప్పెడు. తడి చాలకపోతే ఆ కాఫీయే రెండు చెంచాలు. 'ఎక్కువ పోస్తే జావైపోతుందండోయ్' అని నవ్వింది కూడాను."

'అండోయ్' అని అచ్చం అమ్మలాగే సాగదీసి అంది. నెటీ నా చేతిలోంచి రిసీవర్ లాక్కుని, "మళ్ళీ అనవా మామ్మా?" అని అడిగింది. హల్డా మామ్మ మళ్ళీ అంది. మూడుసార్లు అనిపించుకుంది నెటీ.

అప్పుడే వెనక్కి తిరిగి చూశాను. నాన్న బూట్లు విప్పకుండా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. నెటీ చేతిలోంచి మెల్లగా రిసీవర్ తీసుకున్నాడు.

"వదినా, నేను, ఓర్విల్‌ని." ఆగాడు. "హల్డా పిన్నీ, మీరు కాస్త పెట్టేస్తారా?"

"నేనెప్పుడో పెట్టేశాను," అంది హల్డా మామ్మ.

నాన్న పెదవులు కదిలాయి. ఎనిమిది నెలల్లో ఆ ముఖంలో నవ్వు లాంటిది చూడడం అదే మొదటిసారి. ఈసారి నిజంగానే క్లిక్కుమంది. నేను నాన్న మోచేతిని ఆనుకుని నిలబడ్డాను.

"మీరన్నది నిజమేమోనని రోజూ అనుకుంటున్నాను వదినా," అన్నాడు నాన్న.

"నిజం కాదు," అంది పెద్దమ్మ. "ఎవర్నో ఒకర్ని అనకుండా ఉండలేకపోయాను. నువ్వు ఎదురుగా ఉన్నావు. క్షమించు ఓర్విల్."

నాన్న గోడకి తిరిగి చాలాసేపు తలూపుతూ నిలబడ్డాడు, ఫోన్లో అది కనపడదన్న సంగతి మరిచిపోయి.

ఆపిల్ ముక్కలు నానేశాం. మధ్యాహ్నానికి ఇల్లంతా ఆ వాసనే. నెటీ ఓవెన్ ముందు నేల మీద కూర్చుని కదల్లేదు. రెండింటికి తలుపు చప్పుడైంది. హల్డా మామ్మ చేతిలో 'పై' అనే గుమ్మడికాయ తీపి రొట్టె, తల మీద చర్చికి పెట్టుకునే టోపీ.

"మీ ఇంట్లో 'పై' లేదేమో అనిపించి తెచ్చాను," అంది, ఎవరి ముఖమూ చూడకుండా.

"బాగా అనిపించింది మీకు. రండి, కూర్చోండి," అన్నాడు నాన్న.

అమ్మ కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయింది మామ్మ. నెటీయే ఆ కుర్చీ వెనక్కి లాగి ఆవిడని కూర్చోబెట్టింది. టర్కీ పీచులా ఎండిపోయింది. కొట్టువాళ్ళు దాని గుండె, కార్జం మెడ సందులో పెట్టి ఇచ్చిన కాగితం సంచీ తియ్యాలని మాకెవరికీ తెలియదు. కోస్తుంటే అది కత్తికి తగిలి బయటపడింది. మామ్మ పగలబడి నవ్వింది. మాంసం మీద పోసుకునే గ్రేవీ గడ్డకట్టింది. కానీ లోపల కూరింది మాత్రం అమ్మదే. బల్ల చుట్టూ ఒక్కొక్కరం దేనికి కృతజ్ఞతలో చెప్పాల్సిన వంతు వచ్చినప్పుడు, నాన్న దాన్నే చెంచాతో ఇంకాస్త వడ్డించుకున్నాడు. మేం అదే ఆయన కృతజ్ఞత అని లెక్కలో వేసుకున్నాం.

తర్వాత ఎన్నో థాంక్స్‌గివింగ్‌లు చేశాను. నా చేతి టర్కీ ఎండిపోయిందని ఎవరూ అనలేదు. అయినా ఆ పీచు కోసం, బల్ల దగ్గర ఆ నలుగురి కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

మరుసటి ఏడు పండగకి ముందురోజు పెద్దమ్మ బస్సులో వచ్చింది. నాన్న గడ్డం గీసుకుని, మంచి కోటు వేసుకుని, గంట ముందే మమ్మల్ని తీసుకెళ్ళి బస్సు ఆగే చోట నిలబడ్డాడు. ఆవిడ దిగి మా ఇద్దర్నీ కావలించుకుంది. తర్వాత నాన్నని కిందినించి పైదాకా చూసింది.

"చిక్కిపోయావు," అంది.

"వంట నాదే కదా, వదినా," అన్నాడు నాన్న, ఆవిడ పెట్టె అందుకుంటూ.